మీ తమ్ముడిని ఏ సెక్షన్ కింద చేర్చుకున్నారో ముందు అడగండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 27 ఏళ్లు. బైపోలార్ జబ్బుకు మూడేళ్లుగా మందులు వాడుతూ ఉద్యోగం చేసుకుంటున్నాడు. మధ్యలో మందులు మానేస్తే జబ్బు తిరగబెట్టింది. మీ నాన్నగారు, బావగారు కలిసి ఊరి బయట ఉన్న ఒక ప్రైవేటు మానసిక ఆసుపత్రిలో చేర్చి 19 రోజులైంది. ఫోన్ ఇవ్వడం లేదు. "40 రోజుల దాకా ఎవరినీ కలవనివ్వం, అది మా రూలు" అంటున్నారు. ఒకే ఒక్కసారి వార్డు బాయ్ ఫోన్ తీసుకుని మీకు చేసి, "అక్కా, గుండు కొట్టించారు, ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, నన్ను తీసుకెళ్లిపో" అని ఏడ్చాడు. నాన్నగారేమో "వాడికి మతి లేదు, వాడి మాట పట్టుకుని నువ్వు గొడవ చెయ్యకు" అంటున్నారు. అతనికి గానీ, మీకు గానీ ఏమైనా హక్కు ఉందా అని అడిగారు.

ఉంది. అతనికి చాలా ఉన్నాయి, మీకు కొన్ని ఉన్నాయి. నేను ప్రభుత్వ మానసిక వైద్యశాలలో 24 ఏళ్లు సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత నుంచి ఇలాంటి ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు అర్జీలు రాసిపెడుతున్నాను. నా సర్వీసులో ఎక్కువ భాగం 1987 నాటి పాత చట్టం కిందే గడిచింది. దాని స్థానంలో 2017లో పార్లమెంటు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసింది, 2018లో అది అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రికీ ప్రైవేటు ఆసుపత్రికీ, ఆంధ్రకూ తెలంగాణకూ అదే చట్టం. మీ చేతిలో ఉన్న ఆయుధం అదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

రేపు ఆసుపత్రికి వెళ్లి "మా తమ్ముడు ఎలా ఉన్నాడు" అని అడిగితే "బాగానే ఉన్నాడు, మీరు వెళ్లండి" అని పంపేస్తారు. "ఏ సెక్షన్ కింద చేర్చుకున్నారు?" అని అడగండి. 86వ సెక్షనా, 89వ సెక్షనా? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వస్తే మిగతావన్నీ దానంతట అవే తేలతాయి. ఆ ప్రశ్న వినగానే ఎదుటివాళ్ల గొంతు మారడం నేను చాలాసార్లు చూశాను.

86వ సెక్షన్ అంటే మనిషి తనంతట తాను వచ్చి, తన ఇష్టంతో చేరడం. అతన్ని స్వతంత్ర రోగి అంటారు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారని మీ తమ్ముడు చెప్పాడు కదా, చాలా ప్రైవేటు ఆసుపత్రులు చేసే పని ఇదే. రోగి చేత సంతకం పెట్టిస్తే స్వతంత్ర చేరిక అయిపోతుంది, అప్పుడు ఇద్దరు నిపుణులు పరీక్షించక్కర్లేదు, రోగుల హక్కులు చూసే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలియజెయ్యక్కర్లేదు. కానీ వాళ్లు మర్చిపోయేది ఒకటుంది. స్వతంత్రంగా చేరిన మనిషి "నేను వెళ్తాను" అంటే వెంటనే డిశ్చార్జ్ చెయ్యాలి. అలా పంపడం ప్రమాదమని, తన నిర్ణయం ఏమిటో తనకే తెలియని స్థితిలో ఉన్నాడని మానసిక ఆరోగ్య నిపుణుడు భావిస్తే 24 గంటలు మాత్రం ఆపొచ్చు. ఆ 24 గంటల్లో 89 కిందకు మార్చే అవసరం ఉందో లేదో తేల్చాలి. లేదంటే పంపెయ్యాలి. అంతే. పైగా స్వతంత్ర రోగికి అతని అంగీకారం లేకుండా ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదు. సంతకం పెట్టడానికి పనికొచ్చిన మనిషి ఇంటికెళ్తానంటే పనికిరాకుండా పోతాడా? చేర్చుకునేటప్పుడు తెలివి ఉందని రాసుకుని, వెళ్లేటప్పుడు తెలివి లేదంటే ఆ రెండూ ఒకే కేస్ షీటులో ఎలా నిలుస్తాయి? ఇదే మాట అక్కడ అడగండి.

ఇక 89. రోగికి ఎక్కువ సాయం అవసరమైన పరిస్థితిలో, అతని నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే వైద్యం విషయంలో అతని తరఫున మాట్లాడే మనిషి, అర్జీ పెడితే చేర్చుకోవడం. దీనికి చాలా షరతులున్నాయి. చేరిన రోజునో, దానికి ముందు 7 రోజుల్లోపో ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. అందులో ఒకరు సైకియాట్రిస్టు అయి తీరాలి. ఆ ఇద్దరూ కూడా మనిషి ఈమధ్య తనకు తాను హాని చేసుకోబోయాడనో, ఇతరుల మీద హింసకు దిగాడనో, తనను తాను చూసుకోలేక ప్రమాదంలో పడుతున్నాడనో నిర్ధారణకు రావాలి. బయట ఉంచి వైద్యం చేసే దారి ఏదీ లేదని కూడా తేలాలి. "మాట వినడం లేదు", "ఉద్యోగం మానేస్తానంటున్నాడు", "అమ్మాయి విషయంలో పరువు తీస్తున్నాడు" ఇవేవీ కారణాలు కావు. కుటుంబం విలువలకూ సమాజం కట్టుబాట్లకూ తగ్గట్టు ఉండకపోవడాన్ని జబ్బుగా లెక్కగట్టకూడదని చట్టం 3వ సెక్షన్‌లోనే రాసింది. ఇలా చేర్చుకున్న సంగతి 7 రోజుల్లోగా రివ్యూ బోర్డుకు తెలియజెయ్యాలి, స్త్రీలూ మైనర్లూ అయితే 3 రోజుల్లోగా. అంగీకారం ఇచ్చే శక్తి తిరిగి వచ్చిందా అని ప్రతి 7 రోజులకూ చూడాలి. గరిష్ఠంగా 30 రోజులు. ఆ తర్వాత కూడా ఉంచాలంటే 90వ సెక్షన్ కింద మళ్లీ ఇద్దరు సైకియాట్రిస్టులు విడిగా పరీక్షించాలి, బోర్డు అనుమతించాలి.

ఇప్పుడు ఆ "40 రోజుల రూలు" సంగతి చూడండి. చట్టంలో అలాంటి అంకె ఎక్కడా లేదు. 86 అయితే పైన చెప్పిన 24 గంటలు దాటి బలవంతంగా ఉంచడానికి వీల్లేదు, 89 అయితే 30 రోజులు దాటి బోర్డు అనుమతి లేకుండా ఉంచడానికి వీల్లేదు. ముందే 40 రోజులకు ప్యాకేజీ మాట్లాడుకున్నారంటే అది వైద్యం లెక్క కాదు, గది అద్దె లెక్క.

ఫోన్ గురించి. 26వ సెక్షన్ ప్రకారం ఆసుపత్రిలో ఉన్న మనిషికి తనను చూడవచ్చినవాళ్లను కలుసుకునే హక్కు, కలవనని చెప్పే హక్కు, ఫోన్లు చేసే, అందుకునే హక్కు, ఉత్తరాలు, ఈమెయిల్ రాసే హక్కు ఉన్నాయి. "డిసిప్లిన్ కోసం" అని ఈ హక్కును మొత్తంగా తీసెయ్యడానికి ఆసుపత్రికి అధికారం లేదు.

ఇది రాస్తుంటే నాకు ఒక సొరుగు గుర్తొస్తోంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆడవాళ్ల వార్డులో ఒక టేబుల్ సొరుగు నిండా ఉత్తరాలు ఉండేవి. రోగులు పుట్టింటికి, పిల్లలకు రాసుకున్నవి. ఎవరూ పోస్టు చేసేవాళ్లు కాదు, పారేసేవాళ్లూ కాదు. ఒకావిడ ప్రతి శుక్రవారం తన కూతురికి రాసేది. పాప ఏ క్లాసుకు వచ్చి ఉంటుందో లెక్కపెట్టి మరీ రాసేది. జవాబు రాకపోతే కూతురు తనను మర్చిపోయిందనుకునేది. ఆ సొరుగు సంగతి తెలిసి కూడా నేను దాదాపు ఏడాది ఊరుకున్నాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఫోన్ విషయం చిన్నదని ఎవరన్నా చెప్తే నమ్మకండి. లోపల ఏం జరుగుతోందో బయటికి తెలిసేది ఆ దారిలోనే.

గుండు సంగతి మీరు కాస్త సిగ్గుపడుతూ, "ఇది పెద్ద విషయం కాదేమో" అని రాశారు. పెద్ద విషయమే. 20వ సెక్షన్‌లో బలవంతంగా గుండు చెయ్యకూడదని ప్రత్యేకంగా రాశారు. మన దగ్గర గుండు అంటే మొక్కుకో, కర్మకో ఇష్టపడి చేయించుకునేది. అడక్కుండా చేస్తే అది మనిషిని తగ్గించడమే. అదే సెక్షన్‌లో ఇంకా చాలా ఉన్నాయి: తన బట్టలు తాను వేసుకునే హక్కు, శుభ్రమైన బాత్రూము, స్నానం చేసేటప్పుడు చాటు, ఆడవాళ్లకు నెలసరికి కావలసినవి, జీతం ఇవ్వకుండా గిన్నెలు కడిగించడం వంటి పనులు చేయించకపోవడం, తిట్లు దెబ్బల నుంచి రక్షణ. "ట్రీట్‌మెంట్‌లో భాగం" అని వార్డు ఊడిపించడం నేను చూశాను. ఇష్టపడి చేస్తే వేరే సంగతి, అప్పుడు తగిన డబ్బు ఇవ్వాలి.

కట్టెయ్యడం, గదిలో బంధించడం, షాక్ ఇవ్వడం గురించి అతన్ని మెల్లగా అడగండి. ఒక్కసారిగా అడిగితే చెప్పడు. గొలుసులతో కట్టడం ఏ పరిస్థితిలోనైనా నిషేధం. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమం అంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. దాన్ని సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. అంత జరిగాక కూడా చట్టంలో ఆ ఒక్క వాక్యం చేరడానికి 16 ఏళ్లు పట్టింది. మెత్తటి బెల్టులతో కాసేపు ఆపడానికి అనుమతి ఉంది, అయితే తక్షణం జరగబోయే హానిని ఆపడానికి వేరే మార్గమే లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, కేస్ షీటులో రాసి, అవసరమైనంత సేపే. శిక్షగా చెయ్యకూడదు. రాత్రి డ్యూటీలో మనుషులు తక్కువని కూడా చెయ్యకూడదు. ఒంటరిగా గదిలో బంధించడం అసలే కుదరదు. ఇక షాక్ ట్రీట్‌మెంట్ అంటే మన సినిమాలు చూపించినంత భయంకరం కాదు, కొందరికి ప్రాణం నిలబెట్టే వైద్యం అది. కానీ మత్తుమందు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా చెయ్యడం నేరం.

ఇప్పుడు నాన్నగారి మాటకు వద్దాం: "వాడికి మతి లేదు." ఈ ఒక్క మాట దగ్గరే మన ఇళ్లలో అన్నీ ఆగిపోతాయి. చట్టం దీన్ని తిరగేసి మొదలుపెడుతుంది. మానసిక జబ్బు ఉన్న మనిషికి కూడా తన వైద్యం గురించి నిర్ణయించుకునే శక్తి ఉందనే అనుకోవాలి. చెప్పింది అర్థం చేసుకోగలగడం, ఒప్పుకుంటే, ఒప్పుకోకపోతే ఏమవుతుందో తెలియడం, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో చెప్పగలగడం, ఇవి ఉంటే చాలు. ఆ నిర్ణయం మనకు తప్పుగా కనిపించినంత మాత్రాన శక్తి లేనట్టు కాదు. గత వారం లేని శక్తి ఈ వారం ఉండొచ్చు. మీ తమ్ముడు వార్డు బాయ్‌ని బతిమాలి, మీ నంబరు గుర్తుపెట్టుకుని, జరిగింది వరసగా చెప్పి, ఏం కావాలో అడిగాడు. ఆ ఫోన్ కాల్ ఒక్కటే చాలు, "మతి లేదు" అనే మాటను మళ్లీ పరీక్షించమని అడగడానికి.

మీ పాత్ర ఏమిటంటే, మీ తమ్ముడు మిమ్మల్ని తన నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా నియమించుకోవచ్చు. దీనికి స్టాంపు పేపరు అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. ఇప్పుడు బావగారు ఆ స్థానంలో ఉన్నా సరే, మీ తమ్ముడు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అతను ఎవరినీ నియమించకపోతేనే బంధువుల వంతు వస్తుంది, అందులో కూడా అక్కకంటే బావ ఎక్కువని ఎక్కడా లేదు. ఆ హోదా వస్తే జబ్బు గురించి, ఇస్తున్న వైద్యం గురించి సమాచారం అడగొచ్చు, డిశ్చార్జ్‌కు అర్జీ పెట్టొచ్చు, హక్కులు భంగమైతే బోర్డుకు వెళ్లొచ్చు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. మీరు అతని తరఫున మాట్లాడాలి, అతని బదులు కాదు. అతను ఇంకో పది రోజులు ఉండి మందులు సర్దుకున్నాకే వస్తానంటే, అదే అతని నిర్ణయం.

రేపు చెయ్యాల్సింది చెప్తాను. ఒంటరిగా వెళ్లకండి, నెమ్మదిగా మాట్లాడగలిగే ఒకరిని వెంట తీసుకెళ్లండి. రిసెప్షన్‌లో వాదన పెట్టుకోకుండా ఆసుపత్రి మెడికల్ ఆఫీసర్ పేరిట ఒక ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోనంటే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అందులో ఇంతకు మించి రాయక్కర్లేదు: "నా తమ్ముడు ఫలానా తేదీ నుంచి మీ ఆసుపత్రిలో ఉన్నాడు. అతన్ని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని ఏ సెక్షన్ కింద చేర్చుకున్నారో, బోర్డుకు ఏ తేదీన తెలియజేశారో రాతపూర్వకంగా చెప్పగలరు. 26వ సెక్షన్ ప్రకారం ఈ రోజే అతన్ని కలవడానికి, ఫోనులో మాట్లాడడానికి అనుమతించగలరు. డిశ్చార్జ్ కోరుతున్నట్టు అతను నాతో చెప్పాడు, దాన్ని రికార్డు చెయ్యగలరు." కోపం వద్దు, బెదిరింపు వద్దు. ఆ ఆసుపత్రికి రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి. ఆ సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా పెట్టి ఉండాలి.

అక్కడ పని జరగకపోతే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు అర్జీ. జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షుడు, సైకియాట్రిస్టు, మరో డాక్టరు, కలెక్టరు ప్రతినిధి, వీళ్లతోపాటు జబ్బు అనుభవించినవాళ్లో, వాళ్లను చూసుకున్నవాళ్లో కూడా సభ్యులుగా ఉంటారు. ఫీజు లేదు. 89 కింద చేర్చుకోవడాన్ని ప్రశ్నిస్తే 7 రోజుల్లో తేల్చాలి. చట్టం కాగితం మీద ఉన్నంత చురుగ్గా కార్యాలయాల్లో ఉండదు, అందుకని బోర్డు ఒక్కదాని మీదే ఆధారపడకుండా అదే రోజు మీ జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు కూడా వెళ్లండి. 15100కు ఫోన్ చేసినా చాలు. మానసిక జబ్బుతో ఉన్నవాళ్లకు ఉచితంగా లాయరును ఇవ్వాలని ఈ చట్టమే చెప్తోంది. అక్కడి నుంచి ఒక ఫోన్ వెళ్తే చాలా ఆసుపత్రుల్లో గేట్లు తెరుచుకోవడం నేను చూశాను. మనిషిని చూపించనే చూపించకపోతే అతన్ని కోర్టు ముందు హాజరుపరచమని హైకోర్టులో వేసే హెబియస్ కార్పస్ పిటిషన్ ఉంది. అంతదాకా రావడం అరుదు.

మీరు అడగలేదు గానీ, ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట. తాగుడు మాన్పించే డీ-అడిక్షన్ సెంటర్లు ఈ చట్టం బయట ఉన్నట్టు ప్రవర్తిస్తుంటాయి. అర్ధరాత్రి వ్యానులో నలుగురు వచ్చి, మనిషిని పట్టుకుని, ఇంజెక్షన్ చేసి తీసుకుపోతారు. డబ్బు కట్టిన కుటుంబం కిటికీ దగ్గర నిలబడి చూస్తుంది. మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే సమస్యలు కూడా ఈ చట్టంలోని మానసిక జబ్బు నిర్వచనంలోకే వస్తాయి. పైన చెప్పినవన్నీ వాళ్లకూ వర్తిస్తాయి.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఈ సెక్షన్లు ఎత్తకండి. 19 రోజుల క్రితం ఆ ఇంట్లో రాత్రిళ్లు ఎలా గడిచాయో మీరు బెంగళూరులో ఉండి చూడలేదు, ఆయన చూశారు. నిద్రపోని కొడుకు, అప్పులు చేసి వస్తువులు తెస్తున్న కొడుకు, ఎదురు చెప్తే చెయ్యెత్తిన కొడుకు. ఎవరో ఈ ఆసుపత్రి పేరు చెప్పారు, ఆయన నమ్మారు. ఎర్రగడ్డ అనే మాటను తిట్టుగా వాడే ఊళ్లలో, ఊరికి దూరంగా గుట్టుగా ఉండే చోటు ఆయనకు మంచిదనిపించి ఉంటుంది. "నాన్నా, మీరు చేర్చింది వాడి మంచికే. కానీ వాడిని చూడనివ్వకపోతే వాడికి నయమవుతోందని మనకెలా తెలుస్తుంది?" అని అడగండి. ఆయన కూడా మీతో రావచ్చు. వస్తే సగం పని అయినట్టే. ఇంటికి తెచ్చాక రాత్రి ఎవరు చూసుకుంటారు, మందులు ఎవరు ఇస్తారు, మళ్లీ తీవ్రమైతే ఎక్కడికి తీసుకెళ్లాలి, ఈ మూడింటికీ జవాబు సిద్ధం చేసుకుని మాట్లాడండి. లేకపోతే ఆయన భయం తీరదు. అర్ధరాత్రి సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆసుపత్రి ఖర్చు గురించి కూడా ఆయనకు దిగులుంటుంది. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలని 21వ సెక్షన్ చెప్తోంది. మీ తమ్ముడి కంపెనీ పాలసీ కాగితాలు ఒకసారి తీయించండి.

అతను కుదుటపడ్డాక, రెండు మూడు నెలల తర్వాత, ప్రశాంతంగా ఉన్న ఒక రోజు కూర్చుని అడ్వాన్స్ డైరెక్టివ్ రాయమనండి. మళ్లీ జబ్బు తిరగబెడితే ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, ఏ మందు తనకు పడదు, ఏం చెయ్యకూడదు, తన తరఫున ఎవరు మాట్లాడాలి, ఇవన్నీ తానే రాసిపెట్టుకునే కాగితం అది. 18 నిండిన ఎవరైనా రాసుకోవచ్చు. బోర్డులో నమోదు చేయిస్తే డాక్టర్లు దాన్ని పాటించాలి. పాటించడం కుదరదనుకుంటే బోర్డును అడగాలి, సొంతంగా పక్కన పెట్టడానికి లేదు. అత్యవసర వైద్యానికి మాత్రం ఇది అడ్డురాదు. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి అందులో "నన్ను తీసుకెళ్లేటప్పుడు మా అమ్మను వెంట రానివ్వండి, పక్కింటివాళ్లకు చెప్పకండి" అని మాత్రమే రాశాడు. అతనికి ముఖ్యమైనవి ఆ రెండే.

రేపు వెళ్లేటప్పుడు అతని సొంత బట్టలు రెండు జతలు, తలకు ఒక టోపీ, నాలుగు తెల్ల కాగితాలు, ఒక పెన్ను తీసుకెళ్లండి. కలవనిస్తే ముందు అతన్నే మాట్లాడనివ్వండి. నామినేషన్ కాగితం చివర్లో, అతను ఒప్పుకుంటేనే. వాళ్లు ఏ సెక్షన్ చెప్పారో నాకు రాయండి, బోర్డుకు పెట్టే అర్జీ దాన్నిబట్టి రాసి పంపిస్తాను.